కూర్చున్న ఎత్తు

మా ఇంటికీ మా బావగారి ఇంటికీ మధ్య గోడ లేదు. గోడ లేవాల్సిన చోట నూరు వరహాల కంచె ఉంది. నిజామాబాద్‌లో మా గల్లీలో అన్ని ఇళ్ల మధ్యా ఇటుకో, రేకో, రాతి కడీలకు కట్టిన ఇనుప జాలియో ఉంటుంది. ఆకు రాల్చని, పూలు పూసే కంచె మా దగ్గరే. మండే ఎండాకాలంలో కూడా అది పచ్చగానే ఉంటుంది. ఆ కంచెను ఎంత ఎత్తు ఉంచాలన్నది నేను చాలా ఏళ్లు మోసిన లెక్క. అది చెప్పాలంటే ముందు మా యారాలి గురించి చెప్పాలి.

యారాలు అంటే తోడికోడలు. నేను చిన్న కోడలిని, ఆమె పెద్ద కోడలు. ఇద్దరు యారాండ్లు ఒక్కచోట కూర్చుని నవ్వుతుంటే మా వైపు జనం నమ్మరు. ఎవరి కొంప మునుగుతోందో అని చూస్తారు. మేమిద్దరం పొద్దున వంట కాగానే వాకిట్లో పీటలు వేసుకుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్లం. ఆమె చేతులు తొందర. నావి నెమ్మది. కాని ఎవరు ఎన్ని చేశారో తలెత్తకుండానే నాకు తెలిసేది. చదివింది ఐదో తరగతి. అయినా అంకె కనిపిస్తే దాన్ని కూడకుండా, విడదీయకుండా ఉండలేను. మా ఆయన మేస్త్రీ. ఆయన పనికి కావలసిన ఇటుకలు, కంకర, టైల్స్ నేనే లెక్కగట్టి చెబుతాను. గల్లీలో ఎవరు స్లాబు వేసినా ముందు నా దగ్గరికి వస్తారు. నాకు ఎవరూ నేర్పలేదు. లెక్క తప్పితే సామాను తక్కువ పడుతుంది, మా ఆయన అరుస్తాడు. నేర్చుకోవడానికి ఆ మాత్రం చాలు.

అన్నదమ్ములు వేరుపడిన రోజు పెద్ద గొడవేమీ కాలేదు. చెరి రెండు గదులు తీసుకున్నారు. వాకిలి మిగిలింది. మా ఆయన నా వైపు తిరిగి అడిగాడు.

"నడుమల గోడ లేపుదాం. ఇటుకలెన్ని వడ్తయో జెప్పు."

నేను వాకిలి పొడవు ఒకసారి చూసి చెప్పాను. యారాలు అప్పుడు చాట్లో ఆకు సర్దుకుంటోంది.

"లెక్క మంచిగనే జెప్పినవ్ చెల్లె," అంది. "గోడ లేసినంక నేను ఎవలతోని మాట్లాడాలె? గోడతోనా?"

"దర్వాజలకెళ్లి పోరాదు," అన్నాడు బావ. "కాళ్లు లేవా?"

"కాళ్లున్నయ్. ఒళ్లె చాట గూడ ఉన్నది. చాట దించి, లేసి, గల్లీలకెళ్లి తిరిగచ్చి, కూరేం జేసినవ్ చెల్లె అని అడగాల్నా? గంత ముచ్చటానా అది?"

"మరి నడుమ అద్దు?"

"అద్దంటే అద్దు!"

అందరం నవ్వాం. మా మాటలో హద్దూ అద్దే, వద్దూ అద్దే. ఆయన హద్దు అడిగితే ఆమె వద్దు అని తిప్పి కొట్టింది. బావకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. అక్కడే గోడ సగం పడిపోయింది.

"చెట్లు వెడ్దాం," అంది ఆమె. "పొట్టియి. కూసుంటే మొకం కనవడాలె. బోధన్‌ల మా మామోళ్ల క్వార్టర్ల ముంగట ఉంటుండె, ఎర్ర పూలయి."

"చెట్లు అద్దు అయితయానే?" అన్నాడు మా ఆయన.

"ఒక్క ఏడు సూద్దాం తీయ్," అన్నాడు బావ. "సావకుంటే ఉంటయ్. సస్తే గోడ."

అట్లా కంచెను బతికించడం మా ఇద్దరి మీద పడింది.

ఆమె పుట్టిల్లు కోటగిరి దగ్గర. చెరకు పండించే ఇల్లు. ఆమె మేనమామ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. సెలవులకు పోతే క్వార్టర్ల ముందు నూరు వరహాల కంచెలు, వాటి మీద ఆరేసిన చిన్నపిల్లల బట్టలు ఆమెకు గుర్తు. కొమ్మల కోసం మేమిద్దరం బస్సులో పోయేనాటికి ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. క్వార్టర్లలో చాలా వాటికి తలుపులు లేవు. కొన్నింటికి పైకప్పు లేదు. కంచె మాత్రం ఉంది. కత్తిరించేవాళ్లు లేక ఒకచోట నడుము దాటింది, ఒకచోట తీగలు కమ్మి కూలబడింది. కాని పచ్చగా ఉంది, గుత్తులు గుత్తులుగా ఎర్రగా పూసి ఉంది. యారాలు మేనమామ ఇల్లు ఏదో గుర్తుపట్టలేకపోయింది. ఒక వరస చివర నిలబడి, ఇదే కావొచ్చు అంది. తర్వాత, ఇది గాదు అంది. కాపలా ఉన్న ముసలాయనను అడిగి, కొమ్మలు తెంపుకుని తడి గోనెసంచిలో చుట్టుకుని వచ్చాం.

బస్సులో నేనొక గుత్తి విడదీసి పూలు లెక్కపెట్టాను. పేరుకు నూరు వరహాలు కదా, నూరు ఉంటాయేమో అని. ఉండవు. రెండో గుత్తిలోనూ లేవు.

"నీకేం బాధ?" అంది యారాలు. "వరహాలియ్యనీకె అది బ్యాంకా?"

నాటేటప్పుడు ఆమె నన్ను పక్కకు జరగమంది. చిన్నప్పటి నుంచి చెరకు ముచ్చెలు నాటిన చేయి ఆమెది. ముచ్చె అంటే చెరకు గడను నరికిన ముక్క. సాలు తీసి, ముక్కలను సాలులో పడుకోబెట్టి, కణుపు దగ్గర మొలక వచ్చే కళ్లు పక్కకు ఉండేటట్టు సర్ది, మట్టి కప్పి నీళ్లు పారిస్తారు. నూరు వరహాల కొమ్మకూ కణుపులు ఉన్నాయి. కాబట్టి ఆమె సాలు తీసింది. కొమ్మలను ఒకదాని వెనక ఒకటి పడుకోబెట్టింది. నేను ఆమె వెనకే వంగి కళ్లు పక్కకు తిప్పుతూ పోయాను.

నాకు పండగలా ఉంది. ఒక్కో కణుపుకు రెండు కళ్లు, కొమ్మకు ఇన్ని కణుపులు, సాలుకు ఇన్ని కొమ్మలు. గుణించుకుంటూ పోతే ఒక్క కంచెకు కాదు, గల్లీ మొత్తానికి సరిపోయే మొక్కలు తేలాయి. మిగిలినవి ఎవరికి ఇవ్వాలా అని ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం కూడా. ఎదురింటామెకు ఇవ్వకూడదని యారాలు ముందే తేల్చేసింది.

అన్నీ కుళ్లిపోయాయి. ఒక చివర రెండు మొక్కలు లేచాయి. అవీ ఎందుకు లేచాయో మాకు తెలియదు.

బావ పొద్దున్నే పళ్లపుల్ల నములుతూ సాలు పక్కన నిలబడేవాడు. "చెరుకు ఎన్ని టన్నులు దిగుతది?" అనేవాడు. "లారీ మాట్లాడాల్నా? బెల్లమే వండుతరా?"

యారాలు తలెత్తకుండా బీడీ చుడుతూ అనేది. "వండుతం. మొదటి ముద్ద నీ నోట్లనే వెడ్తం. జర నోరు మూతవడ్తది."

రెండు బతికాయి కదా అని గోడ మాట ఇంకో ఏడు ఆగింది. మరుసటి వానాకాలం నేను బోధన్ రోడ్డు మీద ఒక నర్సరీకి పోయి అడిగి వచ్చాను. కొమ్మ మరీ లేతగా ఉండకూడదు, మరీ ముదరకూడదు, పెన్సిలంత లావుండాలి. కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో నిలబెట్టాలి. పై ఆకులను సగానికి కత్తిరించాలి. వేరు పట్టేదాకా నీడలో ఉంచి తడి ఆరనివ్వకూడదు. మళ్లీ బోధన్ పోయి కొమ్మలు తెచ్చాం. పాత పాల ప్యాకెట్లలో నాటి, జాజుల పందిరి కింద పెట్టి, మీద తడి గోనె కప్పాం. ఈసారి చాలావరకు బతికాయి.

తర్వాత దూరం గురించి కొట్లాడుకున్నాం. ఆమెది చెరకు చేను లెక్క. సాలుకూ సాలుకూ మధ్య మనిషి నడవాలి. నాది గోడ లెక్క. ఇటుక పక్కన ఇటుక.

"గింత దగ్గర వెడితే ఒకదాని గొంతు ఒకటి విసుకుతది," అంది.

"దూరం వెడితే సందులకెళ్లి కోళ్లస్తయ్ అక్క."

"అస్తే రానీ. కోడి ఏం లెక్కలడుగుతది నిన్ను?"

చివరికి రెండు వరసలుగా నాటాం. అడుగుకొక మొక్క. ముందు వరసలో రెండు మొక్కల మధ్య ఖాళీ వచ్చినచోట వెనక వరస మొక్క. ఇద్దరం గెలిచినట్టే ఉంది.

మా బోరు నీళ్లు ఉప్పు, సున్నం పేరుకునే నీళ్లు. కొన్నాళ్లకు ఆకులు పసుపుబారాయి. ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యంతా పాలిపోయి. నూరు వరహాలకు సున్నపు నేల, సున్నపు నీళ్లు పడవు. పచారీ దుకాణంలో అన్నభేది ఉప్పు తెచ్చి చిటికెడు నీళ్లలో కలిపి పోశాను. ఆమె పులిసిన చల్ల పోసేది. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టాం. వీటన్నింటికంటే పనిచేసింది మా ఇద్దరి ఇళ్లల్లో రోజూ మిగిలేదే. బీడీ ఆకును కొలతకు కత్తిరిస్తే అంచులు, ఈనెలు మిగులుతాయి. అంతకుముందు వాటిని పొయ్యిలో వేసేవాళ్లం. మొక్కల మొదట్లో పరిచాక మట్టి తడి నిలిచింది, ఆ ఆకే మురిగి నల్లటి ఎరువయింది. కొత్త ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి.

ఎత్తు నిర్ణయించిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆమెను పీట మీద కూర్చోమన్నాను. చాట ఒళ్లో పెట్టుకోమన్నాను. నేను ఇవతల అట్లాగే కూర్చున్నాను. మా ఆయన మేస్త్రీ దారం పట్టుకుని, రెండు మేకులకు అటూ ఇటూ కట్టి, ఎత్తుతూ దించుతూ అడిగాడు.

"గడ్డం దాకానా? ముక్కు దాకానా?"

"గడ్డం కిందికి వెట్టు మరిది," అంది ఆమె. "మూతి తిప్పితె గూడ కనవడాలె."

దారం అక్కడ ఆగింది. రెండడుగులకు నాలుగు వేళ్లు తక్కువ. అది మా కంచె ఎత్తు. దారం దాటిన కొమ్మను బీడీ ఆకు కత్తెరతోనే కత్తిరించేవాళ్లం. ఆమె తన వైపు, నేను నా వైపు.

చిక్కు అప్పుడు వచ్చింది. నూరు వరహాలు కొమ్మ కొసకే పూస్తుంది. కొస కత్తిరిస్తే కొమ్మలు చీలి కంచె దట్టమవుతుంది కాని, ఆ విడత పువ్వు పోతుంది. పొట్టిగా ఉంచితే పూలు లేవు. పూలు కావాలంటే దారం దాటనివ్వాలి. నేను ఎన్ని రకాలుగా లెక్కవేసినా రెండూ కలిసి రాలేదు. పూత అయిపోగానే కత్తిరించి చూశాను. కొస మళ్లీ పెరిగి, మొగ్గ వేసి, విచ్చేసరికి ఆమె ముఖం సగమే కనిపించేది.

"పూలు గావాల్నా, నా మొకం గావాల్నా?" అని అడిగింది ఒకరోజు.

"రెండు గావాలె."

"రెండు అస్తే నీ లెక్క తప్పినట్టే. ఏదో ఒకటి జెప్పు."

నేను కత్తెర తీసుకుని మేము కూర్చునే చోట మధ్యలో మట్టంగా కత్తిరించాను. వీధి వైపు చివరనూ, ఇంటి గోడ వైపు చివరనూ వదిలేశాను. అప్పటి నుంచి కంచె ఆకారం అదే. రెండు చివర్లా ఎత్తుగా, ఎర్రగా. నడుమ వంగి, ఉత్త ఆకు. చూసేవాళ్లకు మధ్యలో ఎవరో కూర్చుని అణగదొక్కినట్టు ఉండేది.

ఆ వంపులోంచి మేము మాట్లాడుకున్నవి ఏవీ ఇప్పుడు చెప్పదగినవి కావు. కూరలో ఉప్పెక్కువైంది. ఈసారి కంపెనీ ఇచ్చిన ఆకు పొడిపొడిగా ఉంది. ఎదురింటామె కొత్త చీర కట్టింది, ఎక్కడికో. మోస్రా ఊళ్లో పెళ్లికి పెట్టిన వంకాయ కూర ఎట్లా చేశారో. ఆమె గిన్నె కంచె మీదుగా జరిపేది, నేను అందుకునేదాన్ని. మాటకు మాట ఉండేది కాదు. ఆమె ఒకటి అని ఊరుకునేది, నేను అరగంట తర్వాత జవాబు చెప్పేదాన్ని. ఆ మధ్యలో ఏమీ తెగేది కాదు.

ఆమె కూతురు భివండిలో ఉంటుంది. మా గల్లీలోంచి భివండి పోయి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు చాలామంది. బావ కూడా అప్పటికే అల్లుడితో పాటు అక్కడే పనిలో ఉన్నాడు. కూతురికి కాన్పు వచ్చింది. యారాలు బ్యాగు సర్దుకుని, చాట నాకు అప్పజెప్పి, "వానలు తగ్గంగనే అస్త," అంది. వానలు తగ్గాయి. పిల్లకు పాలు పట్టడం లేదంది. తర్వాత కూతురు పనికి పోతోందంది. తర్వాత రెండో కాన్పు. ఏళ్లు నడిచాయి. ఆమె వైపు గదులను ఒక టెంట్‌హౌస్ ఆయనకు సామాను పెట్టుకోవడానికి కిరాయికి ఇచ్చారు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి, మనిషెత్తు దొంతరలుగా నిలబెట్టారు.

నేను నడుమ కత్తిరించడం ఆపలేదు.

"ఎవల కోసమే?" అన్నాడు మా ఆయన. "గా కుర్సీల మొకం సూడనీకెనా?"

"అక్క అస్తది."

"అచ్చినప్పుడు కత్తిరియ్యరాదు. కత్తెరేమన్న పారిపోతదా?"

ఆయన మాట సబబే. కాని కొమ్మ ఒకసారి ముదిరి కట్టె అయితే మళ్లీ దారం ఎత్తుకు తేవడం కష్టం. మోడు మోడుగా కనిపిస్తుంది. ఆమె వచ్చి కూర్చునేసరికి అది తయారుగా ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆమె తిరిగి వచ్చి ఆ పక్కన కూర్చోవాలి. పండగకు కాదు, చూసిపోవడానికి కాదు. చాట ఒళ్లో పెట్టుకుని, వంకాయలు పుచ్చినవి ఇచ్చాడని కూరగాయలాయనను తిట్టాలి.

ఫోను ఉంది కదా అంటారు. మాట్లాడేవాళ్లం. ఫోనులో చెప్పడానికి ఏదో ఒకటి జరగాలి. ఎవరికో జ్వరం రావాలి, ఎవరో చనిపోవాలి, ఎవరికో సంబంధం కుదరాలి. ఏమీ జరగని రోజు, "ఇంకేంది?" అంటుంది ఆమె. "ఏం లేదు," అంటాను నేను. పెట్టేస్తాం. మేము అన్నేళ్లు మాట్లాడుకున్నదంతా ఆ ఏం లేదులో ఉండేదే.

పోయిన వానాకాలం ఆమె వచ్చింది. ముప్కాల్‌లో వాళ్ల బంధువుల పెళ్లి. పెళ్లి చూసుకుని మా ఇంట్లో రెండు రాత్రులు ఉంటానంది. నేను టెంట్‌హౌస్ ఆయనను బతిమాలి కుర్చీల దొంతరలు పక్కకు జరిపించాను. ఆమె కూర్చునేచోట అలికాను. కంచె నడుమ మళ్లీ ఒకసారి చూసుకుని, దారం కంటే రెండు వేళ్లు కిందికే కత్తిరించాను.

పొద్దున చాయ్ తాగి ఆమె అవతలికి పోయింది. పీట మీద కూర్చోవడానికి కొంచెం కష్టపడింది, నడుం పట్టుకుని. నేను ఇవతల కూర్చున్నాను. ముఖం కనిపించింది. గడ్డం కింది దాకా కనిపించింది. కొద్దిగా ఒళ్లు చేసింది. మాట మధ్యలో మరాఠీ ముక్కలు వస్తున్నాయి. ఆమె కంచెను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసి అడిగింది.

"ఏందే చెల్లె, రెండు దిక్కుల మంచిగ పూసింది, నడుమల బోసిగుందేంది? పురుగు వట్టిందా?"

నేను ఆమె వైపే చూశాను. ఎకసెక్కం ఏమో అనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతోంది.

"లేదక్క," అన్నాను. "గాడ ఎండ తక్కువ వడ్తది."

"అట్లనా? మందేమన్న కొట్టు. మంచి చెట్టు." ఆమె పిల్లలాగా ముందుకు వంగింది. "ఓ చెల్లె, పోయేటప్పుడు నాలుగు కొమ్మలియ్యి. మా బిడ్డోళ్లు కొత్త ఇల్లు తీసుకున్నరు, మూడో మాలె, మూడో అంతస్తుల. బాల్కనీ ఉన్నది. రంగు డబ్బలల్ల వెట్టుకుంట. గాడ మొత్తం సిమెంటే, కండ్లకు పచ్చది కానరాదు."

ఆమె వచ్చినప్పటి నుంచి నేను అడుగుదామనుకున్నది ఒకటి ఉంది. ఎప్పుడొస్తవ్ అక్క, ఉండనీకె? ఆ ప్రశ్న అప్పటికి నా నోటి దాకా వచ్చి ఉంది. ఇంక అడగలేదు. తిరిగి వచ్చే మనిషి డబ్బాల్లో కంచె పెట్టుకోదు.

వెళ్లే రోజు కత్తెర తీసుకున్నాను. చివర్లలో ముదురు కొమ్మలు, పూలతో ఉన్నాయి. అవి నాటుకోవడానికి పనికిరావు. నడుమ కొమ్మలు పెన్సిలంత లావుగా, మరీ ముదరకుండా ఉన్నాయి. అక్కడివే కోశాను. కింది ఆకులు తీసి, పై ఆకులు సగానికి కత్తిరించి, తడి గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి ఇచ్చాను. ఆమె వాటిని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

"పడుకోవెడ్తవేమో, నిలవెట్టు," అన్నాడు మా ఆయన.

"నీ మొకం," అంది ఆమె నవ్వుతూ. "యాదున్నది తియ్యి."

ఆటో గల్లీ మలుపు తిరిగాక నేను వచ్చి కంచె దగ్గర కూర్చున్నాను. దారం కట్టిన మేకులు ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయాయి. కత్తెర చాటలో పెట్టి బీడీలు మొదలుపెట్టాను. ఆ వారం నడుమ కత్తిరించలేదు. తర్వాతి వారమూ కత్తిరించలేదు.

వానలకు అది వేగంగా లేచింది. చలికాలం దాటేసరికి మధ్యలో మొగ్గలు పట్టాయి. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే మట్టం, ఒకటే ఎరుపు. వంపు ఎక్కడుండేదో కొత్తవాళ్లకు తెలియదు. గల్లీలో పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎదురింటామె కూడా కొమ్మలు అడిగింది, ఇచ్చాను. నేను అదే చోట కూర్చుంటాను. కూర్చుంటే అవతలి వాకిలి కనిపించదు, కుర్చీలు కనిపించవు.

మొన్న యారాలు ఫోను చేసింది. ఆమె డబ్బాల్లోవి మూడు బతికాయట, ఒకటి పోయిందట. కాసేపు వాటి గురించి మాట్లాడింది. తర్వాత అడిగింది.

"నడుమల పూసిందా చెల్లె?"

"పూసింది."

"సూసినవా మరి. నేనప్పుడే అన్న, మందు కొట్టుమని." ఆమె గొంతులో సంతోషం ఉంది. "మంచిగైంది."

"మంచిగైందక్క," అన్నాను.

"ఇంకేంది?" అంది ఆమె.